బావా అనకూడని గది

కుర్చీలో కుదురుగా కూర్చోవడం నాకు పుట్టుకతోనే రాలేదు. బెల్లం మార్కెట్లో ఓ వర్తకుడి కొట్లో గుమస్తాగా ఉన్న రోజుల్లో మా షావుకారు అనేవాడు, "నీకింద ముళ్ళున్నాయేట్రా, ఒక్క చోట కూకోవు?" అని. నిజమే. దిమ్మలు తూకానికి వస్తుంటే చీటీ రాయడానికి కూర్చునేవాణ్ణి, చీటీ పూర్తికాకుండానే లేచి బయటికి పోయేవాణ్ణి. ఎందుకు లేచానో నాకే తెలిసేది కాదు. ఆ కుదురులేనితనానికి సీసాలో మందు దొరికిందనుకున్నాను. అది నా కొలువు మింగింది, మా ఆవిడ మెళ్ళో గొలుసు మింగింది, అన్నదమ్ములతో మాటలు మింగింది. చివరికి నన్ను మాత్రం సగం నమిలి ఉమ్మేసింది. ఉమ్మిన చోటు కూడా అనకాపల్లిలోనే, మెయిన్ రోడ్డు వెనక సందులో ఒక మేడ మీద. బయట బోర్డు మీద మద్యవిముక్తి కేంద్రం అని ఉండేది. ఊళ్ళో అందరూ మాత్రం మందు మాన్పించే ఆస్పత్రి అనేవాళ్ళు.

అక్కడ పేషెంటుగా చేరాను. నయమైంది, ఇంటికి పో అన్నారు. పోలేదు. ఇంటికీ ఆస్పత్రికీ మధ్య దారి పొడుగునా మందు షాపులే. పోతే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకని అక్కడే అన్నం క్యారేజీలు మోశాను, దుప్పట్లు ఉతికాను, వణికేవాళ్ళ కాళ్ళు పట్టాను. ఒకరోజు మా కౌన్సెలర్ చెప్పాపెట్టకుండా మానేసి వెళ్ళిపోయాడు. ఆ కేంద్రం నడిపే మేడమ్ కాసేపు ఆ ఖాళీ కుర్చీ వంకా, కాసేపు నా వంకా చూసి, "నువ్వు కూర్చో. వాళ్ళ మాట నీకు అర్థమవుతుంది కదా" అంది.

కూర్చున్నాను. నమ్మండి, నమ్మకపోండి, ఆ ప్లాస్టిక్ కుర్చీలో నా కాళ్ళు ఊగలేదు. ఎదుటివాడు తన తాగుడు గురించి చెబుతూంటే నాకు తాగాలనే ఊసే రాలేదు. గదిలోంచి బయటికొస్తే వచ్చేది. మళ్ళీ లోపలికెళ్తే పోయేది. అలా రోజులు గడిచి, ఆ కుర్చీయే నా మందు అయిపోయింది. రాత్రిళ్ళు ఇంటికెళ్ళి పడుకోవడం మొదలెట్టాను. ఆ కుర్చీ తీసేస్తే మళ్ళీ తాగుతానన్న భయం నాకు అప్పుడూ ఉండేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే కుర్చీ ఇవ్వరేమోనని.

అంతలో కొత్త నిబంధన వచ్చింది. కేంద్రానికి గ్రాంటు ఇచ్చేవాళ్ళు వచ్చి చూసి, శిక్షణ లేనివాడు కౌన్సెలర్‌గా కూర్చోకూడదన్నారు. ముందు క్లాసులకెళ్ళాలి, ఆ తర్వాత కొన్నాళ్ళు డాక్టరు పర్యవేక్షణలో పనిచేయాలి, చివరికి బయటినుంచి వచ్చిన ఒక పరిశీలకుడి ఎదుట అసలు పేషెంటుతో మాట్లాడి చూపించాలి. ఆయన సరే అంటే సర్టిఫికెట్టు. లేకపోతే లేదు. "ఇన్నాళ్ళూ నేను చేసిందేంటి మేడమ్ మరి, గాడిద చాకిరీయా?" అని ఎగిరాను. ఆవిడ నా అరుపులు పూర్తయ్యేదాకా ఆగి, "రైలు టిక్కెట్టు తీయించాను" అంది.

శిక్షణ మా వైపు కాదు. రైల్లో చాలా దూరం పోవాలి. క్లాసులో నేనొక్కణ్ణే తలనెరిసినవాణ్ణి. మిగతావాళ్ళందరూ సోషల్ వర్కు చదివొచ్చిన కుర్రకారు, ఒక్కొక్కరి చేతిలో ఇంత లావు పుస్తకం. ఒక్క చుక్క ముట్టుకోనివాళ్ళు తాగుడు గురించి గడగడా చెప్పేస్తుంటే నాకు ఒళ్ళు మండేది. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. వణుకెందుకు వస్తుందో, ఉన్నట్టుండి మానేస్తే కొందరికి ఫిట్స్ ఎందుకు వస్తాయో, ఎప్పుడు డాక్టర్ని పిలవకపోతే మనిషి ప్రాణం పోతుందో అవన్నీ నాకు అక్కడే తెలిశాయి. అంతకుముందు నేను మజ్జిగ తాగించి ఊరుకునేవాణ్ణి.

శిక్షణ ఇచ్చే మేడమ్ ఒకరోజు పేషెంటుకీ మనకీ మధ్య ఉండాల్సిన హద్దుల గురించి చెప్పింది. ఇంటికి పిలవకూడదు. కానుకలు పుచ్చుకోకూడదు. మన కథ చెప్పి వాళ్ళ కథ మింగేయకూడదు. ఇవన్నీ బాగానే ఉన్నాయి. ఆ తర్వాత, "వరసలు పెట్టి పిలవకూడదు. గారు అనండి, మీరు అనండి" అంది. నేను గభాల్న లేచాను.

"మా వైపు అలా కుదరదు మేడమ్. రైల్లో పక్కన కూచున్నోడు ముక్కూమొహం తెలీనోడైనా సరే, బావా కాస్త జరుగు అంటాం. గారు అన్నామంటే వాడి మీద కోపంగా ఉన్నట్టు."

"బావ అంటే మీ వైపు ఏం లెక్క?" అని అడిగింది.

"లెక్కేముంది మేడమ్, బావంటే బావే. వాడేమన్నా పడతాం, మేమేమన్నా వాడు పడతాడు. పిలిస్తే వెళ్తాం."

"పిలిస్తే వెళ్తారు కదా. అందుకే వద్దంటున్నాను. అతనికి చుట్టాలు బోలెడుమంది ఉంటారు. మీరు ఇంకో చుట్టం అయితే, ఇక అతను మాట్లాడ్డానికి మనిషెవరుంటారు?"

క్లాసంతా రాసుకుంది. నేను రాసుకోలేదు. పుస్తకాల మాటలు, మా అనకాపల్లి పూడిమడక రోడ్డులో చెల్లవు అనుకున్నాను.

అదే వారం నాటకం లాంటిది ఒకటి ఆడించారు. ఒకరు తాగుబోతు, ఒకరు కౌన్సెలరు. తాగుబోతు వేషం నాకే ఇచ్చారు, ఇంకెవరికిస్తారు? చేతిలో ఖాళీ స్టీలు గ్లాసు పెట్టారు. నేను గ్లాసెత్తి, గుటక వేసి, మూతి తుడుచుకుని, "ఇదిగో తమ్ముడూ, రేపట్నించి ముట్టుకుంటే ఒట్టు" అన్నాను. పిల్లలు విరగబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గొంతులో నిజంగా మంట దిగింది. నోరూరింది. నోట్లో నీళ్ళు మింగలేక, ఉమ్మలేక, గ్లాసు బల్ల మీద పెట్టి బయటికి నడిచాను. గేటు దాకా వెళ్ళాను. అటు రోడ్డు దాటితే షాపు ఉందని వచ్చిన రోజే నా కళ్ళు చూసి పెట్టుకున్నాయి.

మేడమ్ వెనకే వచ్చింది. ఆగమనలేదు, తిట్టలేదు. "నేనూ నడుస్తాను పదండి" అని ఆ ఆవరణ చుట్టూ నాతో నడిచింది. ఎండలో, చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని. నా కాళ్ళు నొప్పెట్టేదాకా తిరిగాం. ఆవిడ మీద నాకు కోపం పోయింది. ఆవిడ చెప్పిన వరసల మాట మీద మాత్రం పోలేదు.

తిరిగొచ్చాక డాక్టరుగారి పర్యవేక్షణలో పని మొదలైంది. అప్పుడు చేరాడు పూడిమడక మనిషి. సముద్రం మీద వేటకెళ్ళేవాడు, నా ఈడువాడే. ఒళ్ళు నల్లగా, గట్టిగా, తాడులా ఉండేవాడు. చేతులు మాత్రం వణికేవి. అతని భార్య చేపల గంప నెత్తిన పెట్టుకుని రోజూ బస్సులో అనకాపల్లి వచ్చి మార్కెట్లో అమ్మేది. ఆవిడే అతన్ని రెక్క పుచ్చుకుని మా మెట్లెక్కించింది. "వల సరిసెయ్యడానికి కూడా సేతులు ఆడటం లేదు బాబూ. పడవోళ్ళు ఈణ్ణి ఎక్కించుకోడం మానీసేరు. ఉప్మాక ఎంకన్నకి మొక్కుకున్నాను, మీకూ మొక్కుతన్నాను" అని నిజంగానే వంగబోయింది. నేను వెనక్కి గెంతాను.

డాక్టరుగారి మందులతో వణుకు తగ్గింది. మాటలు మొదలెట్టాల్సిన రోజు వచ్చింది. శిక్షణలో నేర్పినట్టే కుర్చీలు ఏటవాలుగా వేశాను. చేతులు కట్టుకోలేదు. "రండి, కూర్చోండి. ఎలా ఉన్నారండీ?" అన్నాను.

అతను నా వెనక ఎవరైనా ఉన్నారేమో అని చూశాడు.

"ఏటి బాబూ, నామీద కోపమా?" అన్నాడు.

"లేదండీ."

"మరేటి అండీ అండీ అంటన్నావు? మొన్న నా కాళ్ళు పట్టింది నువ్వే కదేటి? అప్పుడు బాగానే మాటాడేవు."

ఇక అంతే. ఆ గదిలోకి వస్తే మూతి బిగించుకుని గోడ మీద కేలండర్ చూస్తూ కూర్చునేవాడు. ఏమడిగినా "బాగానే ఉంది" అనేవాడు. రోజూ ఇదే తంతు. నాకు కాళ్ళు ఊగడం మొదలైంది. ఆ కుర్చీలో అంతకుముందెప్పుడూ ఊగనివి. పరిశీలకుడు రావాల్సిన తేదీ దగ్గరపడుతోంది. చూపించడానికి నా చేతిలో ఉన్న కేసు ఇతనొక్కడే. మిగతావాళ్ళు మధ్యలో పారిపోయారు, లేదా వేరే ఊళ్ళకి పోయారు. అన్నం తింటూ లేచేవాణ్ణి. బస్సు కాంప్లెక్స్ దాకా ఊరికే నడిచి వెనక్కొచ్చేవాణ్ణి. మా ఆవిడ, "కాలుగాలిన పిల్లిలా ఏటా తిరుగుడు?" అని కసిరేది. ఆవిడ కళ్ళలో భయం నాకు కనపడేది. ఆ తిరుగుడు ఎటు పోతుందో ఆవిడ ఇదివరకు చూసింది.

ఒక మధ్యాహ్నం నా సహనం తెగింది. కరెంటు లేదు, ఫ్యాను ఆగిపోయింది, ఇద్దరికీ చెమటలు. అతను కేలండర్లో దేవుడి బొమ్మ చూస్తున్నాడు. నేను కుర్చీ ముందుకి లాక్కుని, "ఏటి బావా, ఎన్నాళ్ళిలాగ మూతి కుట్టుకుని కూకుంటావు? నీ పెళ్ళాం ఆ గంప మోసి మోసి మెడ ఇరిగిపోతంది, అది నీకు కనపడతందా?" అన్నాను.

అతని మొహం విచ్చుకుంది. పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. "అద్గదీ! అలాగ మాటాడు. ఇన్నాళ్ళూ కోర్టుకొచ్చినట్టుంది నాకు" అన్నాడు.

ఆ రోజు మాట్లాడాడు. ఒక్క రోజు కాదు, ఆ తర్వాత రోజూ. సముద్రం మీద తన తమ్ముడు పడవలోంచి జారిన రోజు, వల వదిలి దూకాలా వద్దా అని తను ఆలోచించిన ఆ కాసేపు, ఒడ్డుకొచ్చాక ఎవరూ తనని ఒక్కమాటా అనకపోవడం. "అన్నా బాగుండును బావా. నువ్వెందుకు దూకలేదురా అని ఒక్కడైనా తన్నుంటే బాగుండును" అని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. డాక్టరుగారికి అంతా చెప్పాను, ఒక్క బావ అన్నమాట తప్ప. ఆయన బాగా జరుగుతోందని రాశారు.

వరస అనేది ఒక్క మనిషి దగ్గర ఆగదు కదా. అతను నాకు బావైతే అతని భార్య నాకు చెల్లెలు. ఆ సంగతి నేను ఆలోచించలేదు, ఆవిడ ఆలోచించింది. నేను బావా అన్న మర్నాడే మార్కెట్ నుంచి తిన్నగా మా ఇంటికొచ్చి, "ఒదినా!" అని మా ఆవిణ్ణి పిలిచి, గిన్నె నిండా కవ్వ చేపలు పోసి, "అన్నయ్యకి పులుసెట్టు" అని చెప్పి వెళ్ళింది. ఆవిడకి తోడబుట్టినవాళ్ళు లేరట. మా ఆవిడ ఆనందం చెప్పనలవి కాదు. నేను తాగిన రోజుల్లో నా వైపు చుట్టాలందరూ మా గడప తొక్కడం మానేశారు. ఏళ్ళ తర్వాత ఇంటికొచ్చిన మొదటి ఆడపడుచు ఆ చేపలావిడే. కానుకలు పుచ్చుకోకూడదన్న మాట గుర్తుంది. పులుసు ఎంత బాగుందో కూడా గుర్తుంది.

అతను ఇంటికెళ్ళాడు. పడవెక్కాడు. వారం వారం నాకోసం వచ్చేవాడు. తాగలేదు. మా మెట్ల కిందనుంచే "బావోయ్!" అని కేకేసేవాడు. మా కేంద్రం మేడమ్ విని, "ఏమిటిది?" అని అడిగితే, "మా వైపు అంతే మేడమ్" అన్నాను. ఆవిడదీ మా వైపే. ఫైలు తీసుకుని లోపలికెళ్ళింది.

పరిశీలకుడు వచ్చేముందు అతనికి చెప్పాను. "బావా, ఆ రోజు నన్ను బావా అనకు. సార్ అను. నేనూ నిన్ను గారు అంటాను. ఆ గదిలో ఉన్నంతసేపే."

"సారా? నీకేటి, మెంటలెక్కిందా?"

"నా ఉద్యోగం రా బాబూ. ఆ కాయితం రాకపోతే ఆ కుర్చీ నాది కాదు."

"అయితే అలాగే లెద్దూ. నువ్వు సెప్పేవు, నాను సేత్తాను" అన్నాడు.

పరిశీలకుడు పెద్దాయన. మెత్తటి మాట, తెల్ల చొక్కా, కళ్ళద్దాలు మాటిమాటికీ తుడుచుకునే అలవాటు. గదిలో ఓ మూల కూర్చుని, తను లేనట్టే అనుకోమన్నాడు. మా బావ గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గుమ్మంలోనే రెండు చేతులూ జోడించి, "నమస్కారం సార్‌గారూ!" అని అరిచాడు. నాకు నవ్వాగలేదు, దగ్గాను.

"పోయిన వారం ఎలా గడిచిందండీ?"

"ఎంతో బాగా గడిసింది సార్‌గారూ."

"తాగాలనిపించిందాండీ?"

"అనిపించింది సార్‌గారూ. మీరు సెప్పినట్టే ఎటు ఎల్తన్నానో మా ఆడదానికి సెప్పి, ఒడ్డెమ్మట నడిసేసేను."

ఇలా నడిచింది. అతిగా ఉన్నా తప్పు లేకుండా నడిచింది. నా కాళ్ళు ఊగలేదు. అయిపోయింది, గట్టెక్కాను అనుకున్నాను. అప్పుడు ఆ పెద్దాయన మూలనుంచి, "నేనొక్క మాట అడగొచ్చా?" అన్నాడు. అడిగింది నన్ను కాదు, అతన్ని.

"మీరు తాగుడు ఎందుకు మానేశారు?"

"ఎందుకేటండి? మా బావ మానమన్నాడు."

"మీ బావ ఎవరు?"

పాపం, అతను నావైపు చూశాడు. సార్ అనాలని గుర్తొచ్చింది, కానీ అప్పటికే వేలు నావైపు లేచిపోయింది. ఇక దాచడం అతనికి చేతకాలేదు. "ఈడేనండి. బంగారంలాంటోడు. ఈడికోసం మానీసేను" అన్నాడు, గర్వంగా.

"ఆయన మానమనకపోతే?"

"నానెందుకు మానుతానండీ?"

"రేపు ఆయన ఇక్కడ లేరనుకోండి. అప్పుడు?"

అతను అబద్ధమాడే మనిషి కాదు. "ఈడు లేకపోతే మరి తాగుతానండి. ఇంకెవుడికోసం మానాలి?" అన్నాడు.

అతను చెప్పింది ప్రేమతో. నాకు మాత్రం కుర్చీ కింద నేల జారింది. అతనికి నేను. నాకు ఆ కుర్చీ. నా నోట్లోంచి రావాల్సిన మాటే అతని నోట్లోంచి వచ్చింది. కుర్చీ లేకపోతే తాగుతానని నేనెప్పుడూ పైకి అనలేదు, అంతే తేడా.

పెద్దాయన అతన్ని కిందికి పంపి, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మీరు బాగా వింటారు. అది నేర్పితే వచ్చేది కాదు. కానీ అతను తనకోసం మానలేదు, మీకిచ్చిన మాట కోసం మానాడు. మీరు జారితే ఇద్దరూ జారతారు. మీరు జారరని నాకు చెప్పగలరా?" అన్నాడు.

చెప్పలేకపోయాను.

కొన్ని నెలలాగి ఇంకో కేసు మొదలెట్టి, దానితో రమ్మన్నాడు. అంతవరకూ నేను ఆ కుర్చీలో కూర్చోకూడదు. మేడమ్ తల వంచుకుని విని, ఆయన వెళ్ళాక, "క్యారేజీల పని చూస్తూ ఉండు. ఎన్నాళ్ళు, కళ్ళు మూసుకుంటే గడిచిపోతాయి" అంది. నేను మెట్లు దిగాను. ఎలా దిగానో తెలీదు.

కింద అతను ఎదురుచూస్తున్నాడు. భార్యని బస్సు ఆపమని కాంప్లెక్స్‌కి ముందే పంపేశాడట. నా మొహం చూడగానే అర్థమైపోయింది.

"నావల్లేనా?" అన్నాడు.

నేను అతన్ని దాటుకుని రెండడుగులు వేశాను.

"నా నోట్లో పుండు పుట్టా! సార్ అనమంటే సార్ అనలేకపోయేను!" అని చెంపలు వాయించుకున్నాడు. ఏడ్చాడు. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, నా భుజం మీద చెయ్యేశాడు. "పద బావా. ఇలాటప్పుడు మనిసిని ఒక్కణ్ణి ఒగ్గీకూడదు. ఓ గుక్కేద్దాం, ఇద్దరం కూకుని ఏడుద్దాం. రేపట్నించి ఇద్దరం మళ్ళీ మానీద్దాం. నీకోసం ఆమాత్రం సెయ్యలేనేటి?"

అతని మాటలో కల్మషం లేదు. బావ కష్టంలో ఉంటే బావ చేసే పనే అది, మా వైపు ఎవడైనా చేసేదే. నోరూరింది నాకు. గొంతు దానంతట అదే గుటక వేసింది. భుజం మీద చెయ్యి ఎటు తోస్తే అటు, పూడిమడక రోడ్డు వైపు, కొన్ని అడుగులు వేశాను కూడా. అక్కడ మందు షాపు ముందు గోనెపట్టా పందిరి, దాని కింద బల్లలు, ఎవడో నవ్వుతున్నాడు. అన్నీ నాకు తెలిసినవే. చల్లగా, హాయిగా కనిపించాయి. ఒట్టేసి చెబుతున్నాను, నా బతుకులో అంతగా ఇంకెప్పుడూ తాగాలనిపించలేదు.

అప్పుడొచ్చింది కోపం. అతని మీదో, నా మీదో, ఆ పెద్దాయన మీదో తెలీదు. చెయ్యి విదిలించుకున్నాను.

"ఎవుడ్రా నీకు బావ?"

అతను నవ్వబోయాడు, పరాచికం అనుకుని.

"నేను నీకు బావని కాను. ఎప్పుడూ కాను. నువ్వు పేషెంటువి. నీలాటోళ్ళు రోజూ వస్తారు, పోతారు. నీకూ నాకూ చుట్టరికం లేదు, ఏమీ లేదు. తాగుతావో మానుతావో నీ ఇష్టం, నాకు చెప్పకు."

రోడ్డు మీద జనం ఆగి చూస్తున్నారు. అతని మొహం చూడలేకపోయాను. చూడకుండానే చూశాను. "సరే బాబూ" అన్నాడు. అంతే. ఇస్త్రీ చొక్కా అంచు లాక్కుని, సర్దుకుని, కాంప్లెక్స్ వైపు నడిచి వెళ్ళిపోయాడు. దారిలో ఆ షాపు ముందునుంచే వెళ్ళాలి. లోపలికెళ్ళాడో, దాటి వెళ్ళాడో చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు.

నేను ఊరంతా తిరిగాను. రైలు పట్టాల దాకా, బెల్లం మార్కెట్ దాకా, నూకాలమ్మ గుడి దాకా. ఎక్కడా నిలవలేదు. ఒక్క చోట ఆగితే ఎక్కడ ఆగుతానో తెలుసు. పొద్దు వాలుతుంటే మళ్ళీ ఆ మెట్లే ఎక్కి మేడమ్ ముందు నిలబడ్డాను. "నాకు తాగాలనుంది మేడమ్. పేషెంటుగా రాసుకోండి" అన్నాను. ఇన్నేళ్ళలో ఆ మాట ఒక మనిషికి చెప్పడం అదే మొదలు. ఆవిడ ఒక మంచం చూపించింది. పక్క మంచం మీద ఎవరో కొత్తవాడు వణుకుతున్నాడు. ఆ రాత్రికి నేనతనికి కౌన్సెలర్ని కాను, ఇంకొక పేషెంటుని. కుర్చీ పక్క గదిలో ఖాళీగా ఉంది. నేను తాగలేదు.

సర్టిఫికెట్టు తర్వాత వచ్చింది. వేరే కేసుతో, వేరే పరిశీలకుడు. ఆ వేరే పేషెంటుని మొదటి రోజునుంచీ గారు అన్నాను. అతను మూతి ముడుచుకుంటే ముడుచుకోనిచ్చాను, వారాల తరబడి. నా కాళ్ళు ఊగితే ఊగనిచ్చాను. ఒకరోజు అతనే నోరు విప్పి తన సంగతి తనకే చెప్పుకున్నట్టు చెప్పుకున్నాడు, నేను ఎదురుగా ఉన్నానంతే. ఆ కాయితానికి మా ఆవిడ అద్దం కట్టించింది.

కానీ చెప్పాల్సింది అది కాదు. ఆ గొడవ జరిగిన వారం తర్వాత చేపల మార్కెట్‌కి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని చేపకి పొలుసు తీస్తోంది. నన్ను చూసింది. 'అన్నయ్యా' అనబోతున్నట్టు పెదవులు విచ్చుకున్నాయి, నేను చూశాను. మళ్ళీ మూసుకున్నాయి.

"ఏటి కావాల బాబూ?" అంది.

ఏ చేపో చూపించాను. ఆవిడ కోస్తోంది. ఎలా ఉన్నాడమ్మా అని అడిగాను.

"ఏటకెల్తన్నాడు."

"తాగుతున్నాడా?"

కత్తిపీట మీద చేతులు ఆగాయి. అప్పుడు తలెత్తి నావైపు తిన్నగా చూసింది. "నేదు. ఒడ్డున అందరూ పిలుత్తన్నారు, ఎల్లడం నేదు. 'ఆడికోసం మానీసేనని ఆ పెద్దాయన ముందు నానే సెప్పేను. ఇప్పుడు తాగితే అదే నిజమైపోద్ది. నానెవుడికోసమూ మాననేదు' అంటన్నాడు."

దణ్ణం పెట్టబోయాను. ఆవిడ ఆగమన్నట్టు చెయ్యెత్తింది.

"నీ ఊసెత్తితే మాత్రం అన్నం కాడినించి లేసిపోతన్నాడు. మా ఇంటికేపు రాకు బాబూ. మీ ఇంటికి నానూ రాను." ముక్కలు సంచిలో వేసి నా చేతికిచ్చి, పక్కనున్నవాళ్ళని "మీకేటి కావాలమ్మా?" అని అడిగింది.

ఇంటికొచ్చాను. మా ఆవిడ గుమ్మంలోనే సంచి అందుకుని, సంచిలోకి తొంగి చూసి, "మా ఆడపడుచు బాగుందా? ఈమధ్య రావడమే మానేసింది" అంది.

బాగుందన్నాను.